ప్రామాణిక నాసిరకం ఉప్మా

రాష్ట్ర కొబ్బరిచిప్పల సద్వినియోగ సంస్థ అని ఒకటుందని మీకు తెలియకపోతే అందులో మీ తప్పేమీ లేదు. కాకినాడలో ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న వీధివాళ్లకే దాని పూర్తి పేరు తెలియదు. "చిప్పలాఫీసు" అంటే మాత్రం ఆటోవాడు తిన్నగా తీసుకెళ్లి గేటు ముందు దింపుతాడు. కొబ్బరిచిప్పతో ఏమేం చెయ్యవచ్చునో ఆలోచించి, చేసి, అమ్మి, లాభాలు గడించడం సంస్థ ఆశయం. ఇప్పటికి ఆలోచించడం దాకా వచ్చింది.

పాత మేనేజింగ్ డైరెక్టరు గారు ఒకనాడు మీటింగు పెట్టి, కొబ్బరిచిప్పతో హెల్మెట్లు చేద్దామన్నారు. మీటింగులో ఉన్న ప్రతివాడికీ తలకాయ ఉంది. ప్రతివాడి వంటింట్లోనూ కొబ్బరిచిప్ప ఉంది. రెండూ ఒక సైజు కావన్న సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసు. అయినా అందరూ గంగిరెద్దుల్లా తలలూపి "అద్భుతం సార్" అన్నారు. హెల్మెట్లు లారీల కొద్దీ తయారయ్యాయి. పిల్లులకు కూడా పట్టలేదు. దాంతో అసలే చిప్పలకు కొదవలేని సంస్థ చేతికి ఇంకో చిప్ప వచ్చింది.

ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. సంఘంవారు రెండు వర్షాకాలాలు విచారించి, "సదరు నష్టమునకు మూలకారణము మొహమాటము" అని తేల్చారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెతను కూడా నివేదికలో ఎక్కించారు గాని, పెద్దల ముందుకు వెళ్లే కాగితం కనుక చివరి మాట దగ్గర చుక్కలు పెట్టి వదిలేశారు.

అప్పుడు వచ్చారు కొత్త ఎం.డి. గంటి వైకుంఠరావు గారు. విదేశంలో ఏదో శిక్షణ పొంది, ఆ వేడి తగ్గకుండానే చార్జి తీసుకున్నారు. మొదటి మీటింగులోనే బల్ల గుద్ది చెప్పారు.

"గోదావరి జిల్లాలకు పట్టిన జబ్బు మొహమాటం. ఇకమీదట మన సంస్థలో నిర్మొహమాట సంస్కృతి వర్ధిల్లాలి. ఇంటర్వ్యూకి వచ్చి నేను వినాలనుకున్నది చెప్పేవాడు నాకొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే కావాలి. ఏమంటారు?"

అందరూ ఒక్క గొంతుతో "అద్భుతం సార్" అన్నారు.

మొహమాటం లేనివాణ్ని కనిపెట్టడం ఎలా? "నీకు మొహమాటం ఉందా?" అని అడిగితే ఎంత మొహమాటస్తుడైనా మొహమాటానికి లేదనే అంటాడు. హైదరాబాదు నుంచి ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుణ్ని పిలిపించారు. ఆయన క్యాంటీన్లో టిఫిను చేసి, చాలాసేపు నీళ్లు తాగి, అక్కడికక్కడే ఉపాయం చెప్పారు. ఈ ప్రాంతంవాడి మొహమాటం నాలుక మీద ఉంటుంది, ఏం పెట్టినా బాగుందండీ అంటాడు, కనుక క్యాంటీను ఉప్మా పెట్టి అడగండి అన్నారు. ఆ ఉప్మా సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందులో గరిటె గుచ్చితే నిలబడుతుంది, లాగితే గిన్నెతో సహా లేస్తుంది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "ఇంటర్వ్యూకు హాజరగు ప్రతి అభ్యర్థికి ఒక ప్లేటు ఉప్మా వడ్డించవలెను. తదుపరి 'ఎలా ఉన్నది?' అని ప్రశ్నించవలెను. బాగున్నది అనువారు మొహమాటస్తులుగా పరిగణింపబడి, టీ ఇవ్వకుండా పంపివేయబడుదురు."

ఆ ఉత్తర్వు టైపు చేసింది వాసంశెట్టి ప్రసూన. టైపు చేస్తుంటేనే ఆమె గుండెల్లో రాయి పడింది.

ప్రసూన ఆ ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగిని. ఏళ్ల తరబడి అదే కుర్చీ, అదే కిటికీ, అదే గరగరలాడే ఫ్యాను. కుర్చీలో కూర్చునేది ఆమే అయినా, కాగితాల ప్రకారం మాత్రం ఆ కుర్చీ ఖాళీ. ఇన్నాళ్లకు ఆఫీసులోని మిగతా ఖాళీలతో పాటు ఆ ఖాళీని కూడా పర్మనెంటుగా నింపడానికి ఇంటర్వ్యూ పెడుతున్నారు. నెగ్గితే తన కుర్చీ తనదే. ఓడిపోతే నెగ్గినవాడికి కుర్చీ తుడిచి అప్పగించి ఇంటికి పోవాలి. ఇంట్లో అమ్మాజీ, అంటే ప్రసూన వాళ్లమ్మ, జాకెట్లు కుట్టి కుట్టి కళ్లు పోగొట్టుకునేదాకా వచ్చింది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి వీధిలో పోయేవాళ్లను పిలుస్తోంది. కూతురి ఉద్యోగం ఖాయమైన రోజున మిషను మీద గుడ్డ కప్పేస్తానని ఎప్పటినుంచో అంటోంది.

సరే, పని వచ్చా అంటే ప్రసూనకు పుష్కలంగా వచ్చు. రానిదల్లా వద్దనడం, బాగాలేదనడం. ఓసారి బస్సులో ఎవరో మహాతల్లి చంటిబిడ్డను ఒళ్లో పెడితే, తన స్టాపు వచ్చినా దిగలేక జగన్నాథపురం వంతెన దాటి వెళ్లిపోయింది. ఎదురింటి పిన్నిగారు పుల్లటి పాయసం ఇస్తే (పాయసం పుల్లగా ఎలా వచ్చిందో ఆ పిన్నిగారికే తెలియాలి) బాగుందండీ అని, ఆ పాపానికి ప్రతి పండక్కీ ఓ గిన్నెడు తాగుతోంది. అలాంటి పిల్ల ఎం.డి. గారి ముందు కూర్చుని, ఆయన పెట్టిన ఉప్మా తిని, ఆయన మొహం మీద బాగాలేదనాలి!

ఇలాంటివాళ్ల కోసమే మెయిన్ రోడ్డులో త్రిమూర్తులు మాస్టారి కోచింగ్ సెంటరుంది. మొన్నమొన్నటిదాకా దాని పేరు 'వినయ ఇన్‌స్టిట్యూట్'. మీ బలహీనత ఏమిటని అడిగితే "పని మొదలెడితే తిండీ నిద్రా మర్చిపోతానండి, అదే నా బలహీనత" అని తల వంచుకుని చెప్పడం నేర్పేవారు. ఉత్తర్వు వచ్చిన మర్నాడే పెయింటరొచ్చి బోర్డు మీద 'నిర్మొహమాట అకాడమీ' అని రాసిపోయాడు. చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాడి బొమ్మ పాతదే ఉంచేసి, దానికి మీసాలు పెట్టాడు.

"చూడండి నాన్నా," అన్నారు మాస్టారు మొదటి క్లాసులో. "ఉజ్జోగం ఇచ్చేవోడికి ఏం కావాలో అదివ్వడవే ఇంటర్వ్యూ అంటే. నిన్నటిదాకా ఆయనకి వినయం కావాలన్నాడు, ఇచ్చాం. ఇయ్యాల నిజం కావాలంటన్నాడు. మనకేం పోయింది? నిజవే ఇద్దాం. ఎంత కావాలంటే అంత ఇద్దాం."

తర్వాత తలా ఒక పూతరేకు పంచారు. అది నోట్లో పెట్టుకుని, కరిగిపోతుండగా, మొహం చిట్లించి "బాగాలేదు" అనాలి. క్లాసంతా గుటకలు మింగుతూ "బాగాలేదు, బాగాలేదు" అని కోరస్‌గా అరిచింది. ఒట్టి బాగాలేదంటే పాసు మార్కులేననీ, "ఇది ఉప్మాయా సార్, సున్నమా?" అంటే ఫస్టు క్లాసనీ, ప్లేటు విసిరికొడితే డిస్టింక్షన్ అనీ మాస్టారు విడమరిచి చెప్పారు. విసిరేటప్పుడు బోర్డు సభ్యుల చొక్కాల మీద పడకుండా ఏ కోణంలో విసరాలో కూడా చేసి చూపించారు.

ముందు బెంచీలో ఒకడు బాగా ఒంటబట్టించుకున్నాడు కాబోలు, లేచి "మాస్టారూ, ఈ క్లాసేం బాగాలేదండి" అన్నాడు.

"రేపట్నించి రాకు," అన్నారు మాస్టారు.

ప్రసూన వెనక బెంచీలోంచి మెల్లిగా చెయ్యెత్తింది. "మాస్టారండీ, మరి ఆ రోజు ఉప్మా నిజంగానే బాగుంటే ఏం చెప్పాలండీ?"

క్లాసు గొల్లుమంది. మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకునేదాకా నవ్వారు. "చిప్పలాఫీసు ఉప్మా బాగుంటవేంటమ్మా? అంత అనుమానముంటే తినకుండానే చెప్పెయ్యి."

ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రసూన అమ్మ మీద అభ్యాసం మొదలెట్టింది. పులుసు కలుపుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, "బాగాలేదమ్మా" అంది.

అమ్మాజీ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఏటే, ఒంట్లో బాలేదా?"

"నాక్కాదు, పులుసు బాలేదు. అబ్బా, ఆఫీసు కోసమమ్మా! అలా అనడం నేర్చుకోవాలి."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టమని నేర్పే ఆఫీసా అది? మీ నాన్న ఉన్నన్నాళ్లూ ఉప్పెక్కువైనా ఒక్క మాటన్నాడు కాదు. వచ్చిందండీ మహారాణి!" అంటూ గిన్నె లాక్కుంది. తర్వాత రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. కంచంలో వడ్డించేది గాని, ఎలా ఉందని మాత్రం అడిగేది కాదు.

ఈలోగా ఇంకో చిక్కు వచ్చి పడింది. మొదటి విడత ఇంటర్వ్యూలో పోయిన ఒకాయన కోర్టుకెక్కాడు. "నాకు ఆ ఉప్మా నిజంగానే నచ్చింది. అది బాగాలేదని రుజువేమిటి?" అని ఆయన వాదన. కోర్టువారు కూడా రుజువేదీ అన్నారు. సంస్థ దగ్గర రుజువు లేదు, ఉప్మా మాత్రమే ఉంది. అదీ అప్పటికి గట్టిపడిపోయింది.

వెంటనే అడ్మినిస్ట్రేషన్ జనరల్ మేనేజరు పద్మనాభం గారి అధ్యక్షతన ఉపసంఘం కూర్చుని, ఇకనుంచి 'ప్రామాణిక నాసిరకం ఉప్మా' వాడాలని తీర్మానించి, ప్రమాణాలు రాసింది. అదీ ప్రసూనే టైపు చేసింది. "రవ్వ సగము వేగియు, సగము వేగకయు ఉండవలెను. ఉప్పు, నూనె మామూలుకు రెట్టింపు పడవలెను. అడుగు విధిగా మాడవలెను. కరివేపాకు ఎండినది మాత్రమే వాడవలెను. జీడిపప్పు నిషిద్ధము."

టెండర్లు పిలిస్తే పెళ్లి వంటల కాంట్రాక్టరు బుల్లబ్బాయి అందరికంటే తక్కువకు పాడుకున్నాడు. ఎంత తక్కువకంటే, చెప్పిన ప్రకారం చెడగొడితే అతనికి ఏమీ మిగలదు.

ఇక్కడే విధి ఆడుకుంది. కాంట్రాక్టరన్నాక దేన్లోనైనా కక్కుర్తి పడాలి, లేకపోతే తోటి కాంట్రాక్టర్లలో తలెత్తుకోలేడు. ఉప్పు రెట్టింపు వెయ్యమన్నారా, బుల్లబ్బాయి సగానికి కోసేశాడు. నూనె కూడా అంతే. అడుగు మాడాలంటే గ్యాసు దండగ, వేళకి దింపేశాడు. సగం రవ్వ వేయించి సగం పచ్చిది కలపాలంటే రెండు మూకుళ్లు, ఇద్దరు మనుషులు కావాలి, అంతా కలిపి ఒక్క మూకుట్లో దోరగా వేయించేశాడు. ఎండు కరివేపాకు కొనాలి, పచ్చిదైతే పెరట్లో ఊరికే దొరుకుతుంది. ముందురోజు పెళ్లిలో మిగిలిన జీడిపప్పు ముక్కలు మెత్తబడిపోయేలా ఉంటే పారెయ్యబుద్ధి కాక అవీ వేసేశాడు. పాపం, మోసం చెయ్యడానికి ఏమేం చెయ్యాలో అన్నీ చేశాడు.

గంగాళం ఆఫీసుకు చేరింది. నాసిరకమేనని రుచి చూసి ధ్రువీకరించాల్సింది పద్మనాభం గారు. "నాసిరకమని తెలిసి తెలిసి తింటానా? నాకేమైనా పిచ్చా?" అని, చూడకుండానే సంతకం పెట్టి లోపలికి పంపారు.

ఇంటర్వ్యూ గది బయట వరండాలో ప్రసూన కూర్చుంది. భయంతో పొద్దున్నించీ మంచినీళ్లు కూడా ముట్టలేదు. లోపలికి వెళ్లినవాళ్లు వెళ్లినట్టే రెచ్చిపోతున్నారు. ఒకడు "ఛీ" అన్నాడు. ఒకడు "పశువులు కూడా ముట్టవు సార్" అన్నాడు. మరొకడు ప్లేటు విసిరిన చప్పుడు, వెంబడే చప్పట్లు. బయటకొచ్చిన వాడు షేక్‌హ్యాండిచ్చిన చేతిని చూసుకుంటూ వెళ్లిపోయాడు. మాస్టారి పాఠం అక్షరం పొల్లు పోలేదు. అందరూ ఉప్మా నోట పెట్టకుండానే తిడుతున్న సంగతి బోర్డు గమనించలేదు. బోర్డు మార్కులు వేసుకోవడంలో ఉంది.

"వాసంశెట్టి ప్రసూన!"

లోపల వైకుంఠరావు గారు, ఒక పక్క పద్మనాభం గారు, మరోపక్క నిపుణుడు గారు కూర్చున్నారు. ముగ్గురూ తెలిసినవాళ్లే. మొదటి ఇద్దరి ఫైళ్లూ రోజూ సర్దేది ఆమే. ప్లేటు ముందుకొచ్చింది. కడుపులో ఆకలి కరకరలాడుతోంది. చెంచాడు తీసి నోట్లో పెట్టుకుంది.

అయ్యబాబోయ్! పలుకు పలుకుగా విడిపోయిన రవ్వ, సరిగ్గా పడిన ఉప్పు, పచ్చి కరివేపాకు ఘుమఘుమ, మధ్యలో పంటికి తగిలిన జీడిపప్పు. ప్రసూన కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక ఇంత మంచి ఉప్మా ఆమె తినలేదు. ఇంకో చెంచా తీసింది. ఆ తర్వాత గుర్తొచ్చింది తానెక్కడుందో.

"ఎలా ఉంది?" అన్నారు వైకుంఠరావు గారు, కలం మార్కుల కాగితం మీద ఆనించి.

'బాగాలేదు' అంటే చాలు, కుర్చీ తనది. అమ్మ మిషను మీద గుడ్డ కప్పేస్తుంది. ఒక్క మాట. మాస్టారు పూతరేకులు తినిపించి మరీ నేర్పిన మాట. ముగ్గురి మొహాల వంకా చూసింది. ముగ్గురూ అదే మాట కోసం ఎదురుచూస్తున్నారు. ఇన్నాళ్లూ తను ఎదుటివాళ్ల మొహం చూసే బాగుందండీ అనేది. ఇప్పుడు వీళ్ల మొహం చూసి బాగాలేదనాలి. మొహం చూసి ఆడే మాటే కదా మొహమాటమంటే! ఇంత చదువూ చదివి, మొహమాటం లేదని చెప్పడానికి మళ్లీ మొహమాటపడాలా? ప్రసూనకు ఒళ్లు మండింది.

"బాగుందండీ," అంది.

పద్మనాభం గారు నొచ్చుకున్నారు. ఆయనకు ప్రసూనంటే అభిమానం. "కంగారు పడకమ్మా. నిబంధనల మేరకు రెండో అవకాశం ఇస్తున్నాం. బాగా ఆలోచించి చెప్పు. ఎలా ఉంది?"

"నిజంగానే బాగుందండీ. మొహమాటానికి కాదండీ, ఒట్టు."

"ఒట్లు స్వీకరించే అధికారం బోర్డుకు లేదు," అన్నారు నిపుణుడు గారు. "తీవ్రమైన మొహమాటానికి ఇది ముదిరిన లక్షణం సార్. రోగికి తనకు రోగముందని తెలియదు."

వైకుంఠరావు గారు సున్నా చుట్టబోయారు. అప్పుడు ప్రసూన మిగిలింది కూడా ఊడ్చి తిని, ఖాళీ ప్లేటు ముందుకు తోసింది.

"ఇంకొంచెం వెయ్యమనండి."

గోదావరి గడ్డ మీద విస్తరి ముందు కూర్చున్న మనిషి, ప్రాణం పోతున్నా "చాలండీ, చాలండీ" అని చెయ్యడ్డం పెట్టడమే గాని, నోరు తెరిచి మారు అడగడం ఎవరూ ఎరగరు. మొహమాటం ఇసుమంత ఉన్నా ఆ మాట నోట రాదు. పద్మనాభం గారు ఇక్కడివారే కాబట్టి ఆయనకు తక్షణం అర్థమైంది. "సార్, అమ్మాయి మారడిగింది!" అన్నారు నోరు వెళ్లబెట్టి.

"అడిగితే?"

"మొహమాటస్తులు మారడగరు సార్. చచ్చినా అడగరు."

ప్రసూన రెండో ప్లేటు కూడా ఖాళీ చేసింది. వైకుంఠరావు గారు కాసేపు చూసి, ఇక ఉండలేక, "నాకూ కొంచెం తెండి" అన్నారు. చెంచా నోట్లో పెట్టుకున్నారు. రెండో చెంచా, మూడో చెంచా. మొహం మెల్లిగా ఎర్రబడింది. ఇది బాగుందంటే, పొద్దుటినుంచీ ఛీ అన్నవాళ్లందరూ అబద్ధమాడినట్టు. వాళ్లకు తను వేసిన మార్కులు తప్పు. పద్మనాభం సంతకం తప్పు. ఉప్మా నాసిరకమేనని కోర్టులో వేసిన అఫిడవిట్టు తప్పు. సంస్కృతి మొత్తం మూకుడుతో సహా బోర్లా పడుతుంది.

పక్కవాళ్లకూ ప్లేట్లు వచ్చాయి. "ఎలా ఉంది?" అని వాళ్లని అడిగారు.

ఇద్దరూ తింటూ ఆయన మొహం చూశారు. ఆ మొహంలో ఏమీ దొరకలేదు. "తమరెలా సెలవిస్తే అలా సార్," అన్నారు పద్మనాభం గారు.

"బాగాలేదు," అన్నారు వైకుంఠరావు గారు.

"అస్సలు బాగాలేదు సార్," అన్నారు ఇద్దరూ, ప్లేట్ల అడుగు గీకుతూ.

ఫలితాలు వచ్చాయి. తిట్టినవాళ్లందరికీ రకరకాల కుర్చీలు దొరికాయి. ప్రసూన కుర్చీ ఒక్కటి మాత్రం 'పరిశీలనలో ఉన్నది' అని ఆపారు.

మర్నాడు బుల్లబ్బాయి ఆమె బల్ల దగ్గరకు పరిగెత్తుకొచ్చాడు. కళ్లలో నీళ్లు.

"నా ఉప్మా బాగుందన్నావంట కదమ్మా! ముప్పయ్యేళ్ల నించి గరిటె పట్టేను. పెళ్లిళ్లలో నా వంట తిని తిట్టినోళ్లే గాని బాగుందన్నోళ్లు లేరు. నువ్వు సల్లగుండాలి." కళ్లు తుడుచుకుని గొంతు తగ్గించాడు. "కానమ్మా, బయటెక్కడా అనమాకు. బాగుందని తేలితే నా కాంట్రాక్టు రద్దయిపోద్ది. నీకు దణ్ణం పెడతాను, బాలేదని చెప్పమ్మా."

"పోనీ ఈసారి సరిగ్గా చెడగొట్టండి బాబాయ్."

"అంత ఉప్పుకి ఎవడు పెడతాడమ్మా డబ్బులు?" అన్నాడతను నిజాయితీగా.

ఆ వారంలోనే కొత్త నిర్మొహమాటులందరితో వైకుంఠరావు గారు మీటింగు పెట్టారు. వివరాలు రాసుకోవడానికి ప్రసూన మూల కూర్చుంది. ఆయన కొత్త పథకం చెప్పారు. కొబ్బరిచిప్పతో చెప్పులు. "మీరు మొహమాటం లేనివాళ్లు. అందుకే మిమ్మల్ని ఏరుకున్నాను. నిజం చెప్పండి, ఎలా ఉంది?"

ప్లేటు విసిరిన డిస్టింక్షన్ వీరుడు అందరికంటే ముందు లేచాడు. "అద్భుతం సార్!" మిగతావాళ్లూ అద్భుతమన్నారు. ప్రసూన పక్కనున్నవాణ్ని చెవిలో అడిగింది, అదేంటండీ అని. "మాస్టారు ఉప్మాకే చెప్పారండి, చెప్పులకి చెప్పలేదు," అన్నాడతను.

మీటింగు అయ్యాక వైకుంఠరావు గారు ఆమెను గదిలోకి పిలిపించారు. తలుపు వేయించారు. మనిషి కొంచెం వాడిపోయి ఉన్నారు.

"ఆ చెప్పులు ఎలా ఉంటాయంటావు?"

"గుచ్చుకుంటాయండి."

ఆయన కిటికీ వైపు తిరిగి నిట్టూర్చారు. "నాకూ అలాగే అనిపిస్తోంది. చూడమ్మా, ఉప్మా బాగుంది. నాకు తెలుసు, నీకు తెలుసు. ఇంటికెళ్లి మా ఆవిణ్ని అలాంటిది చెయ్యమంటే రెండు రోజులు మాటల్లేవు. నువ్వు పనిమంతురాలివి, నిన్ను వదులుకోవడం నాకిష్టం లేదు." సొరుగులోంచి టైపు చెయ్యని తెల్లకాగితం తీసి ముందు పెట్టారు. "ఉప్మా బాగాలేదు, మొహమాటం కొద్దీ బాగుందన్నాను, ఇప్పుడు మారాను అని రాసి సంతకం పెట్టు. పరివర్తన కోటా అని ఒకటి పెట్టిస్తాను. కుర్చీ నీదే."

"తమరికి నిజం చెప్పేవాళ్లు కావాలన్నారు కదండీ?"

"కావాలమ్మా, ఎందుకక్కర్లేదు? కాని నలుగురితో పాటు చెప్పే నిజం కావాలి. నువ్వొక్కదానివే చెప్పే నిజంతో ఆఫీసు ఎలా నడుస్తుంది?"

ప్రసూన కాగితం వంక చూసింది. చేయి కలం దాకా వెళ్లింది కూడా. అమ్మ కళ్లు గుర్తొచ్చాయి, గరగరలాడే ఫ్యాను గుర్తొచ్చింది. పెద్దాయన బతిమాలుతున్నారు, ఎలా కాదనడం? ఒళ్లో బిడ్డను పెట్టినవాళ్లకే చెప్పలేకపోయిన మనిషి. ఏడుపొచ్చింది. అయినా ఆ మాట బయటకు వచ్చేసింది.

"వద్దండీ. నేను రాయను."

అన్నాక భయమేసింది. ఆ వెంటనే, ఆశ్చర్యంగా, హాయిగా కూడా అనిపించింది. ఇంత సుఖముందని తెలిస్తే వద్దనడం చిన్నప్పుడే మొదలెట్టేదాన్ని కదా అనుకుంది.

సాయంత్రానికి పద్మనాభం గారు తుది ఉత్తర్వు చిత్తుప్రతి పట్టుకొచ్చారు. ఆమె మొహం చూడలేక గోడ క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు. ఆఫీసులో తెలుగు టైపు వచ్చింది ఆమె ఒక్కతే కాబట్టి, అదీ ఆమే టైపు చెయ్యాలి. "ఏమనుకోకమ్మా, ఇంకెవరికీ రాదు," అని గొణిగారు.

ప్రసూన టైపు చేసింది. "కుమారి వాసంశెట్టి ప్రసూన అను అభ్యర్థినిని బోర్డు మూడు పర్యాయములు పరీక్షించినది. ఈమె యందు మొహమాటము లేశమాత్రమైనను లేదని ఏకగ్రీవముగా నిర్ధారించడమైనది. కావున ఈమె ఈ సంస్థ యందు ఉద్యోగమునకు తగరు."

మధ్యలో అక్షరాలు మసకబారాయి. పమిట చెంగుతో కళ్లు తుడుచుకుని, చివరి వాక్యం మళ్లీ చదువుకుంది. ఇంటికెళ్లి అమ్మకు ఏం చెప్పాలా అన్న దిగులు అలాగే ఉంది. అయినా లోపలెక్కడో నవ్వొచ్చింది. కాగితం తీసి పద్మనాభం గారి చేతికిచ్చింది.

"తప్పులేమైనా దొర్లాయేమో ఒకసారి చూశావా అమ్మా?"

"చూశానండి. ఒక్కటీ లేదు. నేనొచ్చిన దగ్గర్నుంచి ఈ ఆఫీసులో ఎన్ని కాగితాలు టైపు చేశానో నాకే తెలీదు. మొదటినుంచి చివరిదాకా నిజమే ఉన్నది మాత్రం ఇదొక్కటేనండి."

పద్మనాభం గారు కాగితం అటూ ఇటూ తిప్పారు. చివరికి అలవాటు కొద్దీ, "చాలా బాగుందమ్మా," అని సంతకం పెట్టారు.